ధ్వనిశిల్పం: తెలుగు నేలపై రూపం, నాదం, పరికరం

కంటికి కనిపించే ఘనరూపమూ చెవికి వినిపించే నాదమూ ఒకే రచనలో విడదీయరానంతగా కలిసి ఉండే సమకాలీన కళారూపాన్ని ధ్వనిశిల్పం అంటారు. ఇందులో రాయి, లోహం, కొయ్య వంటి శిల్ప ద్రవ్యాలతో పాటు మైకులు, లౌడ్‌స్పీకర్లు, యాంప్లిఫైయర్లు, రేడియోలు, వాద్యాల విడిభాగాలు కూడా రచనా సామగ్రిగానే చేరతాయి కాబట్టి, కచేరీలో వేదిక పక్కన ఒదిగి ఉండే పరికరం ఇక్కడ ప్రేక్షకుడి ఎదుట నిలబడి తానే చూడదగిన వస్తువవుతుంది. ఒక గదినో, వీధి మూలనో మొత్తంగా కళారచనగా మార్చి, చూసేవారు అందులో నడుస్తూ అనుభవించేలా ఏర్పాటు చేస్తే దానిని ఇన్‌స్టలేషన్ అంటారు. ఆ ఏర్పాటులో ధ్వనే ప్రధానమైతే అది ధ్వని ఇన్‌స్టలేషన్ అవుతుంది. ధ్వనిశిల్పంలో వస్తువు ముఖ్యం, ధ్వని ఇన్‌స్టలేషన్‌లో స్థలం ముఖ్యం అని స్థూలంగా చెప్పవచ్చు గాని, ఆచరణలో ఈ రెండింటి మధ్య గీత తరచుగా చెరిగిపోతుంది.

ఈ కళకు ప్రపంచ చరిత్రకారులు సాధారణంగా ఐరోపా, అమెరికా ప్రదర్శనశాలల నుంచి వంశక్రమం రాస్తారు. తెలుగు ప్రాంతాల నుంచి, ముఖ్యంగా హైదరాబాదు నడిబొడ్డున ఉన్న పంజాగుట్ట, అమీర్‌పేట పరిసరాల నుంచి చూస్తే ఆ క్రమం సరిపోదు. రాతిని పలికించిన శిల్పులు, వాద్యాన్ని బొమ్మలా చెక్కిన వడ్రంగులు, విగ్రహం చుట్టూ లౌడ్‌స్పీకర్లు పేర్చిన మండప నిర్వాహకులు ఇక్కడ చాలాకాలంగా ఉన్నారు. వారి పనికి కళాచరిత్రలో చోటు లేకపోవడం ఆ చరిత్రకే లోటు. అందుకే ఈ వ్యాసం ప్రదర్శనశాలలో జరిగినదానినీ, వీధిలోనూ పనిశాలలోనూ జరిగినదానినీ కలిపి పరిశీలిస్తుంది.

రాయి, కట్టడం

ధ్వని పుట్టాలంటే ఒక వస్తువు కంపించాలి, ఆ కంపనం గాలిలోకి చేరాలి. లోహంతో పోలిస్తే రాయిలో కంపనం త్వరగా అణగిపోతుంది కాబట్టి, మోగే రాతి స్తంభాన్ని చెక్కడానికి శిలను ఎంచుకోవడంలోనూ, స్తంభపు పొడవుకూ మందానికీ మధ్య నిష్పత్తి పాటించడంలోనూ ప్రత్యేకమైన నేర్పు కావాలి. విజయనగర రాజుల కాలపు హంపీ విఠ్ఠలాలయ మహామండపంలోని సంగీత స్తంభాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇవి లోపల బోలుగా ఉండటం వల్లే మోగుతాయన్న నమ్మకం చాలాకాలం ఉండేది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు స్తంభాలకు ఏ హానీ కలగని పద్ధతుల్లో పరీక్షించి, 2008లో ప్రచురించిన పరిశోధనలో అవి నిండు రాతి స్తంభాలేననీ, వాటి నాదం వంపు కంపనాల వల్ల, అంటే స్తంభం రెండు కొనల మధ్య ఇటూ అటూ అతి సూక్ష్మంగా వంగడం వల్ల పుడుతుందనీ తేల్చారు. బోలుతనం అనే తేలికైన వివరణ తొలగిపోవడంతో శిల్పి లెక్క పట్ల గౌరవం పెరగవలసి వచ్చింది.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప ఆలయంలో వేణుగోపాలుని చెక్కడం ఒకటి ఉంది. దానిని వేలితో మీటితే వేర్వేరు స్వరాలు పలుకుతాయని అక్కడి మార్గదర్శకులు చూపిస్తారు. ఈ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మురళి పట్టిన బొమ్మలోనే నాదాన్ని దాచడం వల్ల ఇక్కడ చెక్కిన విషయమూ, వినిపించే గుణమూ ఒక్కటయ్యాయి. లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద వాద్యాలు పట్టిన దేవతలు సంగీతాన్ని రూపంలో చూపిస్తారు గాని వినిపించరు. రామప్ప శిల్పానికీ వాటికీ ఉన్న ఈ తేడాయే నాదాన్ని చూపే శిల్పానికీ నాదాన్ని పలికే శిల్పానికీ మధ్య ఉన్న తేడా.

కట్టడమే వాద్యమైన సందర్భాలు కూడా ఉన్నాయి. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన, కొండ మీద ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. వంపు తిరిగిన కప్పు ధ్వని తరంగాలను చెదరనీయకుండా ఒక దిశకు మళ్లించడం ఇందుకు కారణం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నేటి నాగార్జునకొండ, జలాశయంలో మునిగిపోయే ముందు 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో మెట్ల వరుసలతో కూడిన ఒక రంగస్థలం బయటపడగా, దానిని అనుపు వద్ద తిరిగి నిర్మించారు. వేదిక మీది మాట మెట్ల మీది శ్రోతకు చేరేలా స్థలాన్ని మలిచిన ఇటువంటి నిర్మాణాలు వర్తమాన కళకు ఎలా పనికివచ్చాయో తరువాత వచ్చే ధ్వని పరిశోధకుడు ఉమాశంకర్ మంత్రవాది ప్రస్తావనలో కనిపిస్తుంది.

వాద్యమే శిల్పం

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా చేస్తున్న వీణ ఒక్క పనస మానులోంచే చెక్కినదైతే దానిని ఏకాండి వీణ అంటారు. కుండ, దండి, చివరన సింహాన్ని పోలిన యాళి ముఖం అన్నీ ఒకే కొయ్యలోంచి రావడం వల్ల అతుకులు ఉండవు. అతుకు దగ్గర కంపనం కొంత ఆగిపోతుంది కాబట్టి, అది లేకపోవడం నాదం నిలకడకు మేలు చేస్తుంది. దండి మీద మైనమూ మసీ కలిపిన ముద్దలో 24 మెట్లను ఒక్కొక్కటిగా కూర్చి, చెవితో సరిచూసుకుంటూ అమర్చడాన్ని మేళం కట్టడం అంటారు. ఈ పనిలో చెక్కడం ఎక్కడ ముగిసి శ్రుతి చేయడం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. కుండ లోపలి గోడ మందం కొంచెం తగ్గినా నాదం మారుతుంది కాబట్టి, ఉలి పట్టిన చేయి ప్రతి దెబ్బకూ వింటూనే ఉంటుంది.

దక్షిణ తెలంగాణ కిన్నెర స్వభావం వేరు. వెదురు బొంగు, ఎండిన సొర బుర్రలు, తేనెమైనం, పూర్వం అలుగు పొలుసులతో చేసిన మెట్లు, ఇలా చుట్టూ దొరికే వస్తువులను జోడించి కట్టిన వాద్యమిది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు దేశమంతటా గుర్తింపు తెచ్చి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. పారేసిన వస్తువులతో శిల్పం కూర్చే పద్ధతిని ఆధునిక కళలో జోడింపు శిల్పం అంటారు. కిన్నెర కట్టినవారు ఆ పేరు వినకపోయినా ఆ పద్ధతిని పూర్తిగా ఎరిగినవారే. బైండ్లవారి జమిడికలోనూ ఇదే కనిపిస్తుంది. ఒక వైపు తోలు మూసిన గుల్లలోంచి తీగను లాగి మీటితే, తోలూ తీగా కలిసి మాటకు దగ్గరగా వంగే ధ్వనిని ఇస్తాయి.

ఇవన్నీ సంగీతం కోసం చేసినవి, చూడటానికి చేసినవి కావు కదా అన్న అభ్యంతరం ఉండవచ్చు. అయితే యాళి ముఖం వల్ల స్వరం మారదని తెలిసి కూడా బొబ్బిలి వడ్రంగి దానిని ఎన్నడూ వదిలిపెట్టలేదు. వాద్యానికి ముఖం ఉండాలన్న ఆ పట్టుదల శిల్పిది.

సాలార్‌జంగ్ గడియారం

హైదరాబాదులో అత్యధిక జనం చూసిన ధ్వనిశిల్పం ఏదంటే, ఆ పేరు ఎవరూ పెట్టకపోయినా, సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారమే. కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరుతో ఉన్న ఈ పంతొమ్మిదో శతాబ్దపు గడియారాన్ని కలకత్తాలో కూర్చారు. లోపల 350కి పైగా విడిభాగాలు ఉన్నాయి. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డం ఉన్న ఒక చిన్న బొమ్మ లోపలి నుంచి బయటికి వచ్చి, సమయం కాగానే గంటను మోగించి, తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కువ దెబ్బలు వినవచ్చని జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. ఒక వస్తువు ఎదుట నిశ్శబ్దంగా కూర్చుని అది పలికే క్షణం కోసం ఎదురుచూడటం మ్యూజియం సందర్శకుడికి అలవాటైన పని కాదు. ఆ అలవాటును ఈ నగరానికి నేర్పినది ఈ గడియారం.

ఇరవయ్యో శతాబ్దపు మలుపులు

ఇటలీ చిత్రకారుడు లుయిజీ రుస్సోలో 1913లో రణగొణ ధ్వనుల కళ గురించి ప్రకటన వెలువరించి, బూరలు బిగించిన కొయ్య పెట్టెలను తయారుచేశాడు. లోపలి చక్రాన్ని తిప్పితే అవి గర్జన, కీచు, గురగుర వంటి యంత్ర ధ్వనులు చేసేవి. 1916లో మార్సెల్ దుషాం రెండు ఇత్తడి పలకల మధ్య పురికొస ఉండను బిగించి, దాని లోపల ఏదో వస్తువును ఒక మిత్రుడి చేత వేయించాడు. ఊపితే చప్పుడవుతుంది గాని అదేమిటో దుషాంకు కూడా తెలియదు. ఫ్రాన్సులో బాషే సోదరులు 1952లో గాజు కడ్డీలను తడి వేళ్లతో రాసి లోహపు రేకుల ద్వారా మోగించే శిల్పవాద్యాన్ని రూపొందించారు. అమెరికాలో స్థిరపడిన హ్యారీ బెర్టోయా 1960 నుంచి గుంపుగా నిలబెట్టిన సన్నని లోహపు కడ్డీలతో, గాలికో చేతికో ఊగి ఒకదానికొకటి తగిలి మోగే శిల్పాలు చేశాడు. ఈ దశలో విద్యుత్ పరికరం ఇంకా కేంద్రానికి రాలేదు.

దానిని కేంద్రానికి తెచ్చినవారిలో డేవిడ్ ట్యూడర్ పేరు మొదట చెప్పాలి. ఆయన 1968లో మొదలుపెట్టి 1973 నాటికి విస్తరించిన ‘రెయిన్‌ఫారెస్ట్’ రచనలో ఇనుప పీపాలు, రేకులు, కొయ్య పలకల వంటి వస్తువులను గదిలో వేలాడదీసి, ప్రతి దానికీ ఒక ట్రాన్స్‌డ్యూసరు బిగించారు. విద్యుత్ సంకేతాన్ని నేరుగా కంపనంగా మార్చే పరికరం ట్రాన్స్‌డ్యూసరు. మామూలు లౌడ్‌స్పీకర్లో ఆ కంపనాన్ని కాగితపు కోన్ గాలిలోకి పంపిస్తే, ఇక్కడ పీపాయే కోన్ పని చేస్తుంది. ప్రతి వస్తువూ తన ఆకారానికీ పదార్థానికీ తగినట్టు ధ్వనిని మార్చుకుంటుంది కాబట్టి, లౌడ్‌స్పీకరు తనదంటూ గొంతులేని గొట్టం అన్న భావన ఈ రచనతో కూలిపోయింది.

ఆ తరువాతి చరిత్ర విస్తారమైనది. నామ్ జూన్ పైక్ 1971లో టెలివిజన్ పెట్టెలతో చెల్లో వాద్యాన్ని కూర్చాడు. మాక్స్ న్యూహాస్ 1977లో న్యూయార్కు టైమ్స్ స్క్వేర్‌లో కాలిబాట జాలీ కింద నుంచి గంట మోత లాంటి నాదం నిరంతరం వచ్చే ఏర్పాటు చేసి, అక్కడ ఏ పలకా పెట్టలేదు. జెనెట్ కార్డిఫ్ 2001లో నలభై స్వరాల ప్రార్థనా గీతాన్ని నలభై స్పీకర్లకు పంచి, ఒక్కో స్పీకరు ఒక్కో గాయకుడిలా నిలబడేలా వాటిని వలయంగా అమర్చింది. 2010లో సూసన్ ఫిలిప్స్‌కు టర్నర్ బహుమతి దక్కడంతో ధ్వనిని ముఖ్య సాధనంగా చేసుకున్న కళాకారులకు ఆ గౌరవం మొదటిసారిగా లభించింది.

భారతదేశంలో తొలి అడుగు

అదే ట్యూడర్ 1969లో అహ్మదాబాదుకు వచ్చి, జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరుతో కూడిన ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పడంలో సాయపడ్డారు. విద్యుత్ ప్రవాహంలోని హెచ్చుతగ్గుల నుంచే కొత్త ధ్వనులను నిర్మించే యంత్రం సింథసైజరు. సంగీతజ్ఞురాలు గీతా సారాభాయి ప్రోత్సాహం ఈ ప్రయత్నం వెనుక ఉంది. అక్కడ అతుల్ దేశాయి, జినరాజ్ జోషీపురా, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్ వంటివారు చేసిన రచనలు 1972 తరువాత మరుగున పడిపోయి, కళాకారుడు పాల్ పుర్గాస్ ఆ సంస్థ భాండాగారంలో టేపులను వెలికితీసిన తరువాత 2023లో సంకలనంగా వచ్చాయి. అర్ధశతాబ్దం పాటు ఒక దేశపు ఎలక్ట్రానిక్ సంగీతపు తొలి అధ్యాయం బీరువాలో ఉండిపోవడం చిన్న నష్టం కాదు. యంత్రం ఉన్నంత మాత్రాన కళ నిలవదనీ, దానిని వాడినవారి చేతిపనిని భద్రపరిచేవారు ఉండాలనీ ఈ ఉదంతం గట్టిగా చెబుతుంది.

నేటి భారతీయ కళాకారుల్లో ముంబయికి చెందిన శిల్పా గుప్తా మైకును తలకిందులు చేసింది. స్పీకరూ మైకూ సూత్రరీత్యా ఒక్కటే: అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే విద్యుత్తు పుడుతుంది, తీగచుట్టలో విద్యుత్తు పారితే అది కదులుతుంది. ఈ రెండు వైపుల గుణాన్ని వాడుకుని ఆమె మైకులనే స్పీకర్లుగా మార్చింది. రాతల కారణంగా చెరసాల పాలైన వంద మంది కవుల పంక్తులను వంద మైకుల ద్వారా వినిపిస్తూ, ప్రతి మైకు కిందా కవిత ఉన్న కాగితాన్ని లోహపు ఊచకు గుచ్చిన ఆమె ఇన్‌స్టలేషన్ 2018లో కొచ్చి ద్వైవార్షిక ప్రదర్శనలోనూ, 2019లో వెనిస్‌లోనూ చూపబడింది. మాట్లాడేవాడి మాటను లోపలికి తీసుకునే పరికరం ఇక్కడ నోరు మూయించబడినవాడి మాటను బయటికి పలుకుతుంది. పరికరమే అర్థాన్ని మోసిన రచన ఇది. బెంగళూరుకు చెందిన నవీన్ థామస్ పాత రేడియోలు, పారేసిన ఎలక్ట్రానిక్ సామానుతో పనిచేసి 2011 స్కోడా పురస్కారం పొందాడు.

హైదరాబాదు కళాకారులు, తెలుగు పేర్లు

హైదరాబాదుకు చెందిన శిల్పి హర్ష దురుగడ్డ ధ్వనిని రూపంగా మలచడాన్ని తన పనికి ఆధారం చేసుకున్నారు. సిడ్నీ నగరంలోని బోండై సముద్రతీరంలో జరిగే శిల్ప ప్రదర్శనలో 2017లో ఆయన ‘కాలమ్ ఆఫ్ సౌండ్’కు రియో టింటో శిల్ప పురస్కారం లభించింది. ధ్వని స్తంభం అని అర్థం వచ్చే ఈ నిలువు ఆకృతిలో స్పీకరు లేదు; ధ్వని కంపనంలోని లయ ఘనరూపంగా గడ్డకట్టినట్టు నిలబడుతుంది. ధ్వనిశిల్పం అన్న పేరుకు మోగడం తప్పనిసరి అనుకునేవారు దీనిని బయట పెడతారు. కాని లేపాక్షి స్తంభాల మీది మూగ వాద్యకారులకు శిల్పచరిత్రలో ఉన్న స్థానాన్ని గుర్తుంచుకుంటే, కంటికి వినిపించే ఈ శాఖను కూడా కలుపుకోవడమే న్యాయం.

ఉమాశంకర్ మంత్రవాది మార్గం దీనికి పూర్తిగా ఎదురుగా, వస్తువు నుంచి స్థలం వైపు సాగింది. ధ్వని ముద్రణ వృత్తిలో పనిచేసిన ఆయన స్వయంకృషితో ధ్వని పురావస్తు శాస్త్రాన్ని, అంటే ప్రాచీన స్థలాల్లో ధ్వని ఎలా ప్రవర్తించేదో కొలిచి తెలుసుకునే విద్యను అభ్యసించి, 1990ల నుంచి ఆంబిసోనిక్ మైకులను సొంతంగా తయారుచేసుకుంటూ వచ్చారు. మామూలు మైకు ధ్వని ఎంత ఉందో చెబితే, ఆంబిసోనిక్ మైకు అది ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా నమోదు చేస్తుంది; తరువాత చుట్టూ అమర్చిన స్పీకర్ల ద్వారా ఆ స్థలాన్నే శ్రోత చుట్టూ తిరిగి నిలబెట్టవచ్చు. ఒడిశా ఉదయగిరిలోని రాణీగుంఫా వంటి ప్రదర్శన స్థలాలను వినడం మీద నిలిచిన ఆయన కృషిని ఆధారంగా చేసుకుని, నిదా గౌస్ నిర్వహణలో 2020లో బెర్లిన్‌లోని ప్రపంచ సంస్కృతుల భవనంలో ‘ఎ స్లైట్లీ కర్వింగ్ ప్లేస్’ అనే ప్రదర్శన జరిగింది. వేల ఏళ్ల కిందటి గుహను ఒక పెద్ద వాద్యంగా చూసే ఈ దృష్టికి గోల్కొండ గుమ్మటమూ అనుపు మెట్లూ ఎంత దగ్గరివో వేరుగా చెప్పనక్కరలేదు.

శిక్షణ విషయంలో హైదరాబాదుకు అవకాశం ఉన్నంతగా ఆచరణ లేదు. తెలుగు విశ్వవిద్యాలయంలో సంగీతమూ శిల్పమూ ఒకే లలితకళల పీఠం కింద ఉన్నాయి. మాసబ్‌ట్యాంకు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు కళాపీఠం శిల్పులను తయారుచేస్తున్నాయి. ఈ పీఠాల మధ్య తలుపులు తెరిచి, ఒక వీణ వడ్రంగినీ ఒక సౌండ్ ఇంజినీరునూ శిల్ప విద్యార్థుల ఎదుట కూర్చోబెడితే చాలు, ధ్వనిశిల్పానికి తెలుగునాట పాఠశాల ఏర్పడినట్టే.

పంజాగుట్ట, అమీర్‌పేట: వీధిలోని ధ్వనిశిల్పం

పంజాగుట్ట చుట్టూ రెండు, మూడు కిలోమీటర్ల వలయం గీస్తే ధ్వనితో ముడిపడిన స్థలాలు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా కనిపిస్తాయి. అమీర్‌పేటలోని సారథి స్టూడియో హైదరాబాదులో తొలి సినిమా స్టూడియోగా పేరుపొందింది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా ఈ నగరంలోనే నిర్మించిన తొలి తెలుగు చిత్రం. అవతల ఏసీ గార్డ్స్‌లో నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళానికి చెందిన సిద్దీల వారసులు మర్ఫా బాజా అనే దరువు సంగీతాన్ని నిలబెట్టుకున్నారు. ఆ దరువే పెళ్లి ఊరేగింపుల్లోనూ గణపతి నిమజ్జనంలోనూ తీన్‌మార్‌గా ఊళ్లన్నీ పాకింది. అమీర్‌పేటలోని మైత్రీవనం కూడలి దగ్గర 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో వంతెనలు ఒకదాని మీద ఒకటిగా రహదారికి కప్పు వేయడంతో, పైన రైలు చక్రాల కీచు, కింద బస్సుల హారన్లు, ఆటోల గురగుర కాంక్రీటు మధ్య ఒకటికి రెండుసార్లు ప్రతిధ్వనించి, ఆ కూడలి మొత్తం ఒక పెద్ద పెట్టెలా మోగుతుంది. రుస్సోలో కొయ్య పెట్టెల్లో పట్టడానికి ప్రయత్నించినది సరిగ్గా ఇటువంటి ధ్వనినే.

పక్కనే ఖైరతాబాదు. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో ప్రారంభించిన గణేశ మండపంలో విగ్రహం ఏటా ఒక్కో అడుగు పెరుగుతూ 2014లో అరవై అడుగులకు చేరింది. డెబ్బై ఏళ్ల సందర్భంగా 2024లో డెబ్బై అడుగుల మట్టి విగ్రహాన్ని నిలిపారు. దశాబ్దాలుగా శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్ ఈ విగ్రహాలకు రూపం ఇస్తున్నారు. ఇంత పెద్ద శిల్పాన్ని జనం మౌనంగా చూడరు. మండపంలో మంత్రాలు, భజనలు, సినిమా పాటలు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలు అన్నీ ఒకే మైకు సెట్టు నుంచి వస్తాయి.  ఊరేగింపు రోజున ఆ శిల్పమూ ఆ ధ్వనీ కలిసి హుస్సేన్‌సాగర్ వైపు కదులుతాయి. నీటిలో కరిగిపోయే శిల్పం, గాలిలో కరిగిపోయే ధ్వని రెండూ ఒకే రోజు ముగిసే ఈ సంప్రదాయాన్ని భక్తి కోణం నుంచి మాత్రమే చదవడం వల్ల దానిలోని కళానిర్మాణం వెలుగులోకి రాలేదు.

మైకు సెట్టుకు తనదైన రూపచరిత్ర ఉంది. చెట్టుకు కట్టిన అల్యూమినియం బూర, దాని వెనుక యూనిట్, కింద బల్ల మీద అహూజా యాంప్లిఫైయరు ఒకప్పుడు పెళ్లికైనా ఎన్నికకైనా గుర్తులు. బూర ఆకారం అలంకారం కోసం కాదు. యూనిట్‌లోని చిన్న పొర నేరుగా గాలిని కదిలించలేదు. సన్నని మెడ నుంచి క్రమంగా విచ్చుకునే గొట్టం ఆ పొర బలాన్ని గాలికి అందేలా మారుస్తుంది కాబట్టి, తక్కువ వాట్లతో ఊరంతా వినిపిస్తుంది. ఊదే బూరా, సన్నాయి విచ్చుకునే చివరా, ఈ లోహపు బూరా ఒకే సూత్రపు బిడ్డలు. డీజే బాక్సులు వచ్చాక రూపం మారింది. 18 అంగుళాల స్పీకరు బిగించిన ప్లైవుడ్ పెట్టెలను డీసీఎం వ్యాను మీద గోడలా పేర్చి, పైన లైట్లు కడితే అది కదిలే కట్టడంగా తయారవుతుంది. మంద్ర ధ్వని తరంగం మీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి, దాన్ని పుట్టించడానికి పెట్టెలో ఎంత ఖాళీ ఉండాలో, గాలి వచ్చే రంధ్రం ఎంత వెడల్పు ఉండాలో వడ్రంగి లెక్క చూసుకుంటాడు. ఆ లెక్క తప్పితే పెట్టె గురగురలాడుతుంది, ఒప్పితే ఎదురుగా నిలబడ్డవాడి ఛాతీలో దెబ్బ వినిపిస్తుంది. బొబ్బిలి వీణ కుండను తొలిచేవాడి ప్రశ్నే ఇది: లోపలి ఖాళీ ఎంత?

ఈ పెట్టెలు చేసేవారికీ, వాటిని అమర్చి మోగించే ఆపరేటర్లకూ ఎవరూ శిల్పులన్న పేరు పెట్టలేదు. ట్యూడర్ వేలాడదీసిన పీపాలకు మ్యూజియం గోడ దొరికింది. సెలవు రోజుల్లో షెడ్డులో నిలబెట్టిన డీజే పెట్టెల వరుసకు దుమ్ము గుడ్డ దొరుకుతోంది. ఈ తేడాకు కారణం వస్తువులోనో పనితనంలోనో లేదు, చూసే చోటులో ఉంది.

హద్దులు

ధ్వనిశిల్పానికి మామూలు శిల్పానికి లేని ఒక బాధ్యత ఉంది. రాతి విగ్రహాన్ని చూడకూడదనుకున్నవాడు తల తిప్పుకోవచ్చు, చెవికి రెప్ప లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు, వాణిజ్య ప్రాంతాల్లో 65, 55 డెసిబెళ్లు పరిమితి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర ఉండే నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40 మాత్రమే. డెసిబెల్ మామూలు కొలత కాదు. పది డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది, చెవికి సుమారు రెండింతలుగా తోస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు.

పంజాగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ, నిమ్స్, ప్రధాన రహదారి మీదే ఉంది. వాణిజ్య కూడలీ, ఊరేగింపు దారీ, ఆసుపత్రి గోడా ఇంత దగ్గరగా ఉన్నచోట ధ్వని రచన ఎవరు చేసినా ముందుగా వినవలసినది లోపల పడుకున్న రోగి నిద్రను. మతపరమైన ఊరేగింపుల్లో డీజే పరికరాలను, అధిక ధ్వనినిచ్చే యాంప్లిఫైయర్లను హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించడం వెనుక ఇటువంటి ఫిర్యాదులే ఉన్నాయి. ఆ నిర్ణయంతో కొందరి ఉపాధి దెబ్బతిన్నది నిజమే. అయినా శబ్దం పెంచుతూ పోవడమే ధ్వని కళ అన్న భావన వల్ల ఆ వృత్తికీ మేలు జరగలేదు. టైమ్స్ స్క్వేర్ జాలీ కింద న్యూహాస్ అమర్చిన నాదం చుట్టూ ఉన్న వాహనాల హోరును దాటడానికి ప్రయత్నించదు, దానిలో కలిసి, ఆగి చెవి పెట్టినవారికి మాత్రమే విడిగా తెలుస్తుంది. అమీర్‌పేట మెట్రో వంతెన స్తంభాల మధ్య అటువంటి రచనకు చోటు ఉంది.

భద్రపరచడం

రాతి శిల్పం శతాబ్దాలు నిలుస్తుంది, స్పీకరు కోన్ కొన్నేళ్లకు చిరుగుతుంది. పాత టేపును నడిపే యంత్రం దొరకదు, దొరికినా దాన్ని బాగుచేసే మనిషి ఉండడు. కాబట్టి ఈ కళను సేకరించే మ్యూజియంలు వస్తువుతో పాటు సర్క్యూట్ పటాన్నీ, ధ్వని ముద్రణనూ, అమర్చే పద్ధతిని వివరించే సూచనలనూ భద్రపరచాలి. విడిభాగం మారితే రచన మారినట్టా అన్నది ఈ రంగంలో ఇంకా తెగని ప్రశ్న. కచేరీలో వీణ తీగ తెగితే కొత్త తీగ వేస్తారు, వీణ మారిందని ఎవరూ అనరు. మెట్లు అరిగితే మళ్లీ మేళం కట్టిస్తారు. హైదరాబాదులో ఈ పని చేయగలవారు కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మే దుకాణాల్లోనూ, యాంప్లిఫైయర్లు మరమ్మతు చేసే చిన్న గదుల్లోనూ ఉన్నారు. వాల్వు రేడియో లోపలి వైరింగును కాగితం చూడకుండా చెప్పగలిగే చివరి తరం వారిది. సాలార్‌జంగ్ గడియారపు 350కి పైగా విడిభాగాలు నేటికీ సమయానికి గంట కొడుతున్నాయంటే, తెర వెనుక దానికి నూనె వేసి, పళ్లు శుభ్రం చేసి, తాళం తిప్పిన చేతులు తరం తరువాత తరం ఉన్నాయన్నమాట.